సత్యాగ్రహ సమర్థనము: గుత్తి శిల మొదలు చీరాల దాఁక

సంస్కృతమున నొక యర్థమునందును, తెలుఁగున వేఱొక యర్థమునందును రూఢములైన శబ్దములు మన భాషలోఁ బెక్కులు గలవు. వానిలో ఆగ్రహశబ్ద మొకటి. ఉపాదానార్థకమగు గ్రహధాతువునకు ఆఙుపసర్గము చేరి, అప్ప్రత్యయాంతమై యీ శబ్ద మేర్పడినది. గట్టిగాఁ బట్టుకొనుట, పట్టినదానిని విడువకుండుట యని దాని యర్థము. తెలుఁగున నన్ననో ఆగ్రహ మనఁగాఁ గోపమే. రాజునకు ఆగ్రహము వచ్చె ననినఁ బిల్లవాఁడు సైతము రాజు కోపించె ననియే గ్రహించును గాని, దేనినో విడువక పట్టుకొనె నని యనుకొనఁడు.

కొన్నియేండ్ల క్రిందట అనంతపురమున నొక పాఠశాలలో నేను సత్యాగ్రహశబ్దమునకు విగ్రహవాక్యము చెప్పుఁ డని విద్యార్థుల నడిగితిని. ఒక బాలుఁడు లేచి 'సత్యముకొఱకుఁ గోపము' అని చెప్పెను. తోడివారు నవ్విరి. నేను నవ్వలేదు. సత్యమునందు ఆగ్రహ మని సప్తమీతత్పురుషముగాఁ జెప్పవలె నని దిద్దితిని. కాని యింటికి వచ్చినపిమ్మట, ఆ బాలుని తప్పులో మన దేశచరిత్రకు సంబంధించిన యొక పెద్ద చిక్కు గలదని తోఁచినది. కోపమని వినవచ్చు నొక మాటచేతఁ గోపము విడువుఁ డని లక్షలకొలఁది జనులకు బోధింపవలసివచ్చిన వక్తలు, ఆ పని నెట్లు నెఱవేర్చిరి? ఏ యుక్తులచే వినువారి నొప్పించిరి? ఆ యుక్తులలో నిలిచినవి యెవ్వి, నిలువనివి యెవ్వి? ఈ ప్రశ్నలను గూర్చి కొంత విచారింపఁ బూనితిని.

సత్యాగ్రహ మను పేరు దక్షిణాఫ్రికలోఁ బుట్టినది. 1906 సెప్టెంబరు 11వ తేదిని జోహాన్సుబర్గు నగరమున భారతీయులు సభ చేసి, తమ్ము నవమానించు నమోదుశాసనమునకు లోఁబడ మని ప్రతిజ్ఞ పట్టిరి. ఆ యుద్యమమునకు మొదట వాడిన యింగ్లీషు పేరు నిష్క్రియప్రతిఘటన మను నర్థము నిచ్చునట్టిది. అది గాంధికి రుచింపలేదు. తగిన పేరు సూచింపుఁ డని తన పత్రికలోఁ గోరఁగా, మగన్‌లాల్ గాంధి 'సదాగ్రహ' మని సూచించెను. గాంధి దానిని 'సత్యాగ్రహ' మని సవరించెను. ఆ పేరు సముద్రము దాఁటి తెలుఁగుదేశమునకు వచ్చునప్పటికి, ఇచ్చటి ఆగ్రహశబ్దము కోపార్థమున స్థిరపడియే యున్నది.

చిక్కు ఈ యొక్క శబ్దముతోఁ దీఱలేదు. హిందీభాషలో 'సవినయ అవజ్ఞ' యని వ్యవహరించిన దానిని మనవారు 'శాసనోల్లంఘన' మనియు, 'శాసనధిక్కార' మనియు వాడిరి. 'సవినయ' మను విశేషణము జాఱిపోయినది. విశేషణము వ్యావర్తక మని శాస్త్రజ్ఞు లెఱుఁగుదురు. నల్లని గో వనినఁ దెల్లని గోవు తొలఁగును. అట్లే సవినయ మనినచో దొంగయు, దోపిడికాఁడును జేయు శాసనోల్లంఘనము తొలఁగును. విశేషణము లేనిచోఁ దొలఁగుట లేదు. కావున సత్యాగ్రహమును సమర్థించిన ఆంధ్రవక్తల పని యంతయు, జాఱిపోయిన యీ విశేషణమును సభలో మరల నిలుపుట యని నా యభిప్రాయము. ఆ విశేషణము కేవలము మాటచే నిలుచునది కాదు. చెప్పువాని నడవడిచే నిలువవలసినది. ఈ విషయమును మూఁడు నాలుగు దృష్టాంతములచే వివరించెదను.

గుత్తి శిల

మొదటి దృష్టాంతము మా మండలములోనిదే. అనంతపురమండలము 1882లో బళ్లారిమండలమునుండి వేఱుపడినది. ఇది దత్తమండలములలో మిక్కిలి వానలేమి గల సీమ. 1876–78 సంవత్సరముల కాటకముచే నలిగిన భూమి. ఇచ్చటి గుంతకల్లు రైలుమార్గములు కలియు కూడలి యగుటచే, సైనికదళము లా త్రోవను బోవుచు వచ్చుచు నుండెడివి.

1893 అక్టోబరు 4వ తేదిని గుంతకల్లు చెంత ఇరువురు హిందూస్త్రీలను ఐరోపాసైనికులు కొందఱు చెఱుపఁబోఁగా, హంపన్న యను రైలుగేటు కావలివాఁడు వారి కడ్డుపడెను. సైనికులలో నొకఁడు వానిని దుపాకితోఁ గాల్చెను. మఱునాఁడు హంపన్న మృతినొందెను. గుత్తిలో న్యాయవాదిగా నున్న పి. కేశవపిళ్లగా రీ వృత్తాంతమును గప్పిపుచ్చనీయక లోకమునకు వెల్లడించిరి. ఆయన 1885లో బొంబాయియందు జరిగిన ప్రథమ కాంగ్రెసునకుఁ బోయిన ప్రతినిధులలో నొకరు, హిందూపత్రికకు విలేఖరి. విచారణము మదరాసున జరిగినది. నిందితుఁడు విడుదల యయ్యెను. గుత్తిలో హంపన్నపేరఁ జందాలతో నొక స్మారకశిల నెలకొల్పఁబడెను.

ఆ శిలాలేఖనమును నేను జూచితిని. దానియం దలంకారము లేదు. సైనికులను దూఱు విశేషణము లేదు. పగ తీర్చుకొందు మను మాట లేదు. ఇరువురు స్త్రీలను రక్షించుచు, ఐరోపాసైనికులలో నొకనిచేఁ గాల్పఁబడి, ఫలానాఁడు చనిపోయెను అను నర్థము మాత్రము గలదు. వ్యాకరణదృష్టిచే నిం దొక విశేషము గలదు. కర్మణిప్రయోగమునఁ గర్తను జెప్పకయే వాక్యమును ముగింపవచ్చును. 'తుపాకి పేలెను', 'కాల్పులు జరిగెను', 'మరణము సంభవించెను' అని కర్తను దాఁచు వాక్యములు ప్రభుత్వములకు నాఁడును నేఁడును బ్రియములు. గుత్తి శిల కర్మణిప్రయోగమునే వాడినది, కాని కర్తను విడువలేదు. సైనికునిచేత నని తృతీయావిభక్తితోఁ జెప్పినది. న్యాయస్థానము నిందితుని విడిచినది. శిల మాత్రము సత్యమును విడువలేదు. సంస్కృతార్థమున నిదియే ఆగ్రహము. తెలుఁగర్థమునఁ జూచిన నిందుఁ గోపము మచ్చునకును లేదు.

ఆ సంవత్సరమే, 1893 జూన్ 7వ తేది రాత్రి, దక్షిణాఫ్రికలోని పీటర్‌మారిట్సుబర్గు స్టేషనులో యువకుఁడగు గాంధిని రైలునుండి త్రోసివైచిరి. అచ్చట రైలుపెట్టెలో, ఇచ్చట రైలుగేటుకడ, నాలుగుమాసముల వ్యవధిలో, ఒక్కటే ప్రశ్న పుట్టినది: ఈ రాజ్యమున మా దేహమునకు, మా మానమునకు హక్కు గలదా? హంపన్నను సత్యాగ్రహి యనరాదు. అతఁ డుద్యమ మెఱుఁగఁడు, ఆపన్నులకు శరణ మిచ్చినవాఁడు. కాని యతని మరణమునకు గుత్తిప్రజ లిచ్చిన ప్రత్యుత్తరము, అల్లరి లేక, హింస లేక, నిజమును బేరుపెట్టి చెప్పుటచే సత్యాగ్రహవాక్కునకుఁ బూర్వరూప మైనది. ఒక్క లోపమును జెప్పకతప్పదు. శిలమీఁద రక్షకుని పేరు గలదు. ఆ స్త్రీల పేరులు లేవు.

విజ్ఞప్తికి హద్దు

కేశవపిళ్లగారి మార్గము విజ్ఞప్తిమార్గము. సంగతులు సేకరించుట, పత్రికలలోఁ బ్రకటించుట, శాసనసభలో నడుగుట ఆయన సాధనములు. మదరాసు శాసనసభకు ఉపాధ్యక్షులుగా నుండిరి. 1922లో బ్రిటిషు గయానాకు భారతీయకూలీల స్థితిగతులు విచారింపఁ బోయిన ప్రతినిధివర్గమునఁ జేరి, ఆ దూరదేశమున మనవారి దైన్యమును వ్రాసి తెచ్చిరి. ఇట్టివారిని 'మితవాదు' లని తేలికగాఁ గొట్టివేయుట కృతఘ్నత. ఆధారములు కూర్చనిదే యే సమర్థనమును నిలువదు.

అయినను విజ్ఞప్తి ఫలించుట కొక యంగము కావలెను. వినువానికి వినవలె నను నిచ్ఛ యుండవలెను. అది లేనిచో నెంత యుక్తియుక్త మైన విజ్ఞప్తియు, మా సీమలో నెఱ్ఱమట్టిపైఁ బడిన తుంపరవలె నింకిపోవును. వినని వానిచే వినిపించుటకు మాటకంటె నధిక మైనది కావలసివచ్చినది. అది చీరాలలోఁ గానవచ్చినది.

చీరాల

గుంటూరుమండలములో నుండిన చీరాల, పేరాల గ్రామములను 1919లో మదరాసు ప్రభుత్వము పురపాలకసంఘముగా మార్చెను. జనులలో నేఁతగాండ్రు, కర్షకులు, చిన్న వర్తకులు మెండు. సుమారు 4,000 రూపాయలుగా నున్న పన్నులు 40,000 రూపాయలకుఁ బెరుగు నని తెలిసి, మాకీ పురపాలకము వలదని వారు మొఱపెట్టుకొనిరి. మొఱ వినఁబడలేదు. అప్పుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు నాయకత్వము వహించిరి. ఆయన యెడింబరోలోఁ జదివినవారు. ఆనందకుమారస్వామితోఁ గూడ అభినయదర్పణమును ఇంగ్లీషులోనికిఁ దెచ్చి 1917లోఁ బ్రకటించినవారు. మాట కెట్లు హస్తము, దృష్టి, మనస్సు తోడుకావలెనో శాస్త్రముగా నెఱిఁగిన యాయన, దేశీయమగు పాటయుఁ బద్యముఁ గలిపి ప్రజల నాకర్షించెడివారు. తన స్వచ్ఛందసేవకదళమునకు రామదండని పేరు పెట్టిరి.

1921 ఏప్రిలు మొదటివారమున, బెజవాడ కాంగ్రెసుసభల పిమ్మట, గాంధి చీరాలకు వచ్చి రెండు మార్గములు చూపెను. పన్ను చెల్లింపక శిక్ష లనుభవించుట యొకటి. పురపాలకపు సరిహద్దు విడిచి వెలుపలికిఁ బోవుట రెండవది. ఏది చేసినను స్వశక్తిపై నాధారపడి చేయవలె ననెను. జనులు రెండవదాని నెన్నుకొనిరి. సుమారు 15,000 జనులలో 13,000కుఁ బైగా నిండ్లు వాకిళ్లు విడిచి, ఊరిబయటఁ బాఁకలు వేసికొని, దానికి రామనగర మని పేరిడి పదునొకండు మాసములు వసించిరి. ఎండకాలమునఁ బోయి వానకాలమును, చలికాలమును నచ్చటనే గడిపిరి.

ఆ పేరుల యౌచిత్యమును బరికింపవలెను. తండ్రిమాటకై యూరు విడిచిన రాముని కథ ప్రతి తెలుఁగిల్లాలికిని దెలియును. ఆ కథలో నూరు విడుచుట యోటమి కాదు, ధర్మము. విడిచినవానిని గాక, వెడలఁగొట్టిన వారినే లోకము నిందించును. రామనగర మను నొక్కమాట నూఱు యుపన్యాసముల పని చేసినది. వినయముతోడి ధిక్కార మనఁగా నేమో వేఱుగా బోధింపనక్కఱలేకపోయినది. జాఱిన విశేషణము దాని స్థానమునకు వచ్చినది.

కాని ఫలమును దాఁచి వ్రాయుట చరిత్ర కాదు. 1921లోనే గోపాలకృష్ణయ్యగారు బరంపురమున నుపన్యాసనిషేధమును మీఱి యొక సంవత్సరము చెఱకుఁ బోయిరి. ధనము తఱిగినది; జనులు బడలిరి. 1922 తొలినెలలలో వారు మరల నిండ్లకు వచ్చిరి. పురపాలకము రద్దుకాలేదు. గోపాలకృష్ణయ్యగారు 1928లో, నలువదియేండ్లు నిండకమునుపే, మృతినొందిరి.

పూర్వపక్షములు

ఇట్టి యుద్యమములపై నాఁటినుండి నేఁటిదాఁకఁ జెప్పఁబడుచున్న యాక్షేపములు ప్రధానముగా నాలుగు. 'శాసనము మీఱుట యధర్మము' అనునది మొదటిది. దీనికి వైయాకరణుఁడు తన శాస్త్రమునుండియే సమాధానము చెప్పఁగలఁడు. ఉత్సర్గమునకు అపవాదము గలదు. అపవాదము ఉత్సర్గమును జంపదు, దాని విషయమును నిర్ణయించును. అపవాదమునకును శాస్త్రమే యాధారము కావలెను. ఎవనికిఁ దోఁచిన దానిని వాఁ డపవాద మనరాదు. సత్యాగ్రహి యీ నియమమును శిక్షను స్వీకరించుటచేఁ బాటించును. 1922 మార్చి 18వ తేదిని అహమ్మదాబాదు న్యాయస్థానమున గాంధి నేర మొప్పుకొని, శాసనము సరియైన దని తోఁచినచో గరిష్ఠశిక్ష వేయు మని న్యాయాధిపతిని గోరెను. ఆఱేండ్ల శిక్ష పడినది. తప్పించుకొనువాఁడు శాసనమును దనకొఱకు మీఱును. శిక్షకుఁ దలయొగ్గువాఁ డందఱికొఱకు మీఱును. ఈ భేదమును జూపనిచో మొదటి యాక్షేపమునకు సమాధానము లేదు.

'ఇది దుర్బలుల యుపాయ' మనునది రెండవది. దుర్బలుఁ డొకపూఁట యోర్చును. రామనగరమువారు పదునొకండు మాసము లోర్చిరి. దీనికి వేఱు సమాధాన మనావశ్యకము.

'ఇది తుద కల్లరులకు దారితీయు' ననునది మూఁడవది. నాలుగింటిలో నిది బలవత్తరము. 1922 ఫిబ్రవరి 4వ తేదిని ఉత్తరదేశమునఁ జౌరీచౌరా యను చోట ఉద్రేకించిన జనులు ఠాణాకు నిప్పుపెట్టి 22 మంది పోలీసులను జంపిరి. గాంధి యుద్యమము నాపివేసెను. ఆ కాలముననే గుంటూరుమండలము పెదనందిపాడు ప్రాంతమునఁ బర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున రైతులు శిస్తు చెల్లింపక, జప్తులకు నోర్చి, దౌర్జన్యమునకుఁ బోక నిలిచియుండిరి. శాంతిసేన గ్రామములలో క్రమమును గాపాడుచుండెను. గాంధి వారి సంసిద్ధతను గూర్చి ముందే సందేహము తెలిపియుండెను. పిమ్మట వచ్చిన నిలుపుదలచే వారును శిస్తు చెల్లింపవలసివచ్చినది. ఎక్కడనో యితరులు చేసిన హింసకుఁ దాము దండుగ యిచ్చితి మని వారికిఁ దోఁచినఁ దప్పు పట్టఁజాలము. కాని యీ వృత్తాంతమే మూఁడవ యాక్షేపమునకు సమాధానము కూడ. తన యుద్యమమునందు హింస కానరాఁగానే దానిని దానే యాపుకొన్న నాయకుని, అల్లరులు కోరువాఁ డని యెవఁ డనఁగలఁడు? ఆ సమాధానమునకు వెలయిచ్చినవారు పెదనందిపాటి రైతులు.

'కాలము పక్వము కాలేదు, వేచియుండుఁడు' అనునది నాలుగవది. ఇది మిత్రుల నోటనుండి వచ్చు నాక్షేపము గనుక దీనికి బదులు చెప్పుట కష్టము. దీనికి లోకమునఁ బ్రసిద్ధ మైన ప్రత్యుత్తరము అమెరికాదేశమునఁ బుట్టినది. 1959లో భారతదేశమునకు వచ్చి గాంధిమార్గమును బరిశీలించి పోయిన మార్టిన్ లూథర్ కింగు, 1963 ఏప్రిలులో బర్మింగుహామునందు నీగ్రోజనుల సమానహక్కులకై నిషేధాజ్ఞను మీఱి చెఱకుఁ బోయెను. ఆ ప్రదర్శనలు వివేకరహితము లనియు, నకాలికము లనియు నెనమండ్రు శ్వేతమతాచార్యులు ప్రకటించిరి. ఏప్రిలు 16వ తేదిని గింగు చెఱసాలనుండి వారికి లేఖ వ్రాసెను. తానుగాఁ గాలము న్యాయము చేయదనియు, వేచియుండు మనుమాట తనవారికిఁ దఱచుగా 'ఎన్నఁడును లే'దను మాటగానే పరిణమించిన దనియు నందలి సారము. 1964 జూలైలో నాదేశమునఁ బౌరహక్కుల శాసనము వచ్చినది.

ఆ లేఖలోఁ గింగు అహింసోద్యమమునకు నాలుగు మెట్లు చెప్పెను: అన్యాయము గలదో లేదో తెలియుటకు సంగతులు సేకరించుట, సంప్రదించుట, ఆత్మశుద్ధి, పిమ్మటఁ బ్రత్యక్షచర్య. ఈ మెట్లచేఁ జూచినచో గుత్తియుఁ జీరాలయు నొకదాని కొకటి విరుద్ధములు గావు. కేశవపిళ్లగారి కృషి మొదటి రెండు మెట్లు. రామనగరము తక్కిన రెండు. మొదటివానిని దాఁటి పై మెట్టున నడుగిడువాఁడు పడును. మొదటివానియందే నిలిచిపోవువాఁడు మేడ యెక్కఁడు. వేరుసెనగ విత్తు మా రైతు నడుగుఁడు. దుక్కి దున్నకుండ విత్తువానికిఁ బంట లేదు. దుక్కి దున్ని, పదునైనపిమ్మటఁ గూడ నింకొక వాన కని కాచుకొనువానికిని బంట లేదు.

మా మండలపు మాట

ఉప్పుసత్యాగ్రహపు నాళ్లలో, 1930లో, సముద్రము లేని యీ సీమకు ఉప్పుతో నేమి పని యని యెవరికైనఁ దోఁపవచ్చును. కాని దత్తమండలములలోఁ జవుటినేలనుండి ఉప్పు తీయుట ఉప్పరవారి పూర్వవృత్తి. ఉప్పుపై సర్వాధికారము తన దని ఆంగ్లప్రభుత్వము దానిని నిషేధించెను. కావున ఉప్పుమాట యిచ్చట దూరపు మాట కాలేదు; కాలిక్రింది మంటిమాట యైనది. వక్తకు దృష్టాంతము వినువాని కన్నులయెదుట నుండవలె ననుట కిది నిదర్శనము. 1926లో అనంతపురమునఁ బప్పూరు రామాచార్యులుగారు స్థాపించిన సాధనపత్రికయు, హిందూపురప్రాంతమువారగు కల్లూరు సుబ్బారావుగారి ప్రచారమును మా మండలమున నీ భావముల నూరూరికిఁ జేర్చినవి. 1929 మేమాసమున గాంధి ఖద్దరునిధికై యీ మండలమునకు వచ్చినప్పుడు వినుటకు సిద్ధమైన చెవు లుండె ననిన, అది యిట్టివారి పూర్వకృషిచేతనే.

మన యింటి విచారము

తుద కొక మాట. పరప్రభుత్వమును దిట్టుట సులభము. సత్యమును మన గడపలోపలఁ బట్టుకొనుట దుష్కరము. ఊరిబావికడ నీరు తోడుకొననీయని శాసనమును ఏ కలెక్టరును వ్రాయలేదు, మనమే వ్రాసికొంటిమి. 1924–25లో వైకమున గుడిచుట్టు వీథులలో నడచుటకై సత్యాగ్రహము జరిగినది. 1933–34లో గాంధి హరిజనయాత్ర చేసెను. ఆ రెండింటియందును బైని జెప్పిన నాలుగాక్షేపములే మరల వినవచ్చినవి. ఈ పర్యాయ మాక్షేపించినవారు దొరలు కారు, మావంటి పండితులు. శాస్త్రము ననుసరించి, 'కాలము పక్వము కాలే'దని చెప్పినవారిలో నా గురుపరంపరవారును గలరు. కావున గుత్తి శిలను జదివినపిమ్మట నేను నన్నడుగుకొనవలసిన ప్రశ్న యొకటి గలదు: మా దోషములను జెప్పునప్పుడు మేము కర్తను జెప్పుచున్నామా? 'దురాచార మేర్పడెను' అని కర్తను దాఁచి వ్రాయుచున్నామా? అన్యుల దోషమునకుఁ దృతీయావిభక్తియు, మన దోషమునకుఁ గర్తృలోపమును విధించు వ్యాకరణము వ్యాకరణము గాదు.

ఆ పాఠశాలలోని బాలునికి నేను చెప్పిన సమాధాన మిప్పుడు నాకుఁ జాలినట్లు తోఁచుట లేదు. సత్యమునందు ఆగ్రహ మనుట సరియే. కాని అన్యాయమును జూచినప్పుడు మొదటఁ గలుగునది కోపమే యని యొప్పుకొనవలెను. హంపన్న వార్త విన్న గుత్తివారికిఁ గోపము రాకుండునా? ఇండ్లు విడిచిన చీరాలవారికి రాకుండునా? తెలుఁగున ఆగ్రహమై పుట్టినదానిని సంస్కృతమున ఆగ్రహముగాఁ బరిణమింపఁజేయుట, కోపమును బట్టుదలగా మార్చుట, వారి సాధన. ఆ మార్పును జూపిన సమర్థనములే నిలిచినవి. బోధకులు విద్యార్థుల కీ శబ్దమును జెప్పునపుడు రెండర్థములను జెప్పి, మొదటిదానినుండి రెండవదానికిఁ బోవు త్రోవను గూడఁ జూపుదురుగాక యని నా విన్నపము. ఇందు నేను జేసిన స్ఖలితములను విద్వాంసులు దయతో దిద్దుదురు గాక.